మైనపు గొట్టం నుంచి సెల్‌ఫోన్ దాకా: మన పాటకు ఏది మంచి రికార్డు?

మన చరిత్రలో చాలా భాగం కాగితం మీద లేదు. పెద్దల గొంతులో, డోలు దెబ్బలో, కిక్రి తీగల్లో ఉంది. కోయ ఇలవేల్పుల కథలు పాడిన పద్మశ్రీ సకిని రామచంద్రయ్య, మార్లవాయి గుస్సాడీ గురువు పద్మశ్రీ కనకరాజు ఇద్దరూ 2024లోనే మనకు దూరమయ్యారు. మిగిలిన గొంతులనైనా రికార్డు చేసుకోవాలి. అయితే ఖరీదైన పరికరాలు లేకుండా చేసిన రికార్డు పనికొస్తుందా? జవాబు రికార్డింగు చరిత్రలోనే ఉంది.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టారు. 1890లో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అలాంటి యంత్రంతో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వెళ్లి, పాసమాక్వోడీ ఆదివాసుల పాటలను, కథలను మైనపు గొట్టాల మీద ఎక్కించారు. ఒక్కో గొట్టంలో కొద్ది నిమిషాలే పట్టేది. మైకు లేదు, గరాటాలోకి గట్టిగా పాడాలి. బాగా మందమైన శబ్దాలు, బాగా సన్నని శబ్దాలు అందేవి కావు. పైగా గరగర. ఈనాటి కొలతల్లో అది నాసి రికార్డే. అయినా వందేళ్లు దాటాక పాసమాక్వోడీలే వాటిని విని, మాటలు రాసుకుని, ఆ పాటలు మళ్లీ పాడుతున్నారు. ఎందుకంటే గరగర చాటున మాట బతికే ఉంది.

1925 నుంచి గ్రామఫోను రికార్డులకు మైకు వాడకం మొదలైంది. 1951లో భుజాన మోసుకెళ్లే నాగ్రా టేపు రికార్డరు వచ్చింది. ధ్వని బాగుపడింది, కానీ అలాంటి యంత్రం కొనగలిగింది రేడియోవాళ్లు, సినిమావాళ్లు, పరిశోధకులే. 1963లో వచ్చిన క్యాసెట్‌లో సుయ్ మనే చప్పుడు ఎక్కువ. అయినా యంత్రాన్ని పాడేవాళ్ల ఇంటికి తెచ్చింది అదే.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను. దీని లోపం వేరు. పాత యంత్రం అక్కర్లేని చప్పుడు కలిపేది, ఫోను కావలసినదాన్నే తీసేయవచ్చు. డోలు గట్టిగా మోగగానే అది తనంతట తానే మోత తగ్గిస్తుంది, దాంతో వెనకున్న గొంతు కూడా మునిగిపోతుంది. ఆగకుండా మోగే తీగ నాదాన్ని రొద అనుకుని అణిచేయవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఇంకొంత పోవచ్చు. వృత్తి రికార్డరులో మోతను మనమే సరిచూసుకుంటాం, మంచి మైకు తగిలిస్తాం, కుదించని వేవ్ ఫైలుగా దాస్తాం. ఎక్కువ డబ్బు పెట్టేది దీనికే.

ఏది మేలో ధర చూసి తేల్చకండి. ఒకే పాటను ఒకే చోట రెండింటిలో రికార్డు చేసి, రెండూ ఒకే మోతలో వినండి. మోత ఎక్కువైతే నాసిది కూడా మంచిదనిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు విషయాలు గమనించండి. మాట చివరి అక్షరం తెలుస్తోందా? డోలు దెబ్బ పగులుతోందా? దెబ్బ తర్వాత గొంతు తగ్గుతోందా? ఈ పరీక్షలో నెగ్గితే చవక పరికరమైనా చాలు. గాలి తగలని చోట, పాడేవారికి మూరెడు దూరంలో పెట్టిన ఫోను, దూరాన పెట్టిన ఖరీదైన మైకు కన్నా చాలాసార్లు మేలు.

కలిసిన రొదను రేపటి యంత్రాలు కొంతైనా తగ్గించగలవు. అందకుండా పోయిన మాటను ఏ యంత్రమూ తేలేదు. కాబట్టి పెద్దల అనుమతి అడిగి, పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చేయండి. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి. మంచి యంత్రం వచ్చేదాకా ఆగవద్దు. యంత్రం రేపైనా వస్తుంది, ఆ గొంతు రేపు ఉండకపోవచ్చు.