కాగితం సంచుల కింద చరిత్ర

మొక్కజొన్న పరిశోధన అనగానే బయటివాళ్లకు గాజు సీసాలు, సూక్ష్మదర్శినులు గుర్తొస్తాయి. నిజానికి మా ముఖ్యమైన పనిముట్టు కాగితం సంచి. కండె నుంచి పీచు తొంగిచూడకముందే దానికి చిన్న సంచి తొడగాలి. ఒక్కరోజు ఏమరితే గాలికి ఏ మొక్క పుప్పొడో వచ్చి వాలుతుంది, అంతవరకూ పడ్డ పాట్లు గంగపాలు. మొక్క కొసన ఉండే మగపూల జల్లుకు ముందురోజే పెద్ద సంచి కట్టి, మర్నాడు మంచు ఆరాక వంచి తట్టి, రాలిన పసుపుపచ్చ పొడిని పీచు మీద దులిపి, మళ్లీ మూసి, పైన పెన్సిలుతో తేదీ, వరస నంబరు రాయాలి. పెన్సిలే ఎందుకంటే, సిరా వానకు కారిపోతుంది. ఆకుల అంచులకు చేతులు గీరుకుపోయి, చెమటలో పుప్పొడి కలిసి పెట్టే దురద ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

1957లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం మొదలైంది. దేశంలో ఒక పంటకు రాష్ట్రాలన్నీ కలిసి పనిచేసిన పథకాల్లో అదే మొదటిది. అందులో హైదరాబాదు ముఖ్య కేంద్రం. మూసీ పక్కన అంబర్‌పేట పొలంలో సాగిన పని 1961లో ‘దక్కన్’ సంకరంగా బయటికొచ్చింది. అదే ఏడు గంగా 1, గంగా 101, రంజిత్ కూడా విడుదలయ్యాయి.

సంకరం చేసే తీరు ఇది: ఒక మొక్క పుప్పొడిని ఆ మొక్కకే వేస్తూ ఆరేడు తరాలు పోతే, మిగిలేవి ఈసురోమనే పొట్టి మొక్కలు. వాటి కండెకు నాలుగు గింజలుంటే గొప్ప. అలాంటి రెండింటిని కలిపితే మాత్రం బిడ్డ ఏపుగా లేస్తుంది. తల్లి ఇచ్చే విత్తనమే అంత తక్కువైతే రైతుకు చవగ్గా అమ్మేదెలా? అందుకే ఆ రోజుల్లో రెండు సంకరాలను మళ్లీ కలిపి, బలమైన మొక్క మీద విత్తనం తీసేవారు. దక్కన్ అలాంటి నాలుగు వంశాల పంట. తర్వాత తల్లిదండ్రుల వంశాలే గట్టిపడ్డాయి, ఇద్దరితోనే సరిపోయింది. హైదరాబాదులోనే రాజేంద్రనగర్ నుంచి వచ్చిన డి.హెచ్.ఎం. 117 సంకరం తల్లిదండ్రులు బి.ఎం.ఎల్. 6, బి.ఎం.ఎల్. 7. సన్మానాలన్నీ 117కే. నన్నడిగితే అసలు ఆస్తి ఆ రెండు పేర్లే.

మన శీతాకాలం మొక్కజొన్నకు అంత చల్లగా ఉండదు. ఉత్తరాది శాస్త్రవేత్తలు తమ పొలాలు చలికి ముడుచుకున్నప్పుడు విత్తనాలు మూటగట్టుకుని ఇక్కడికి వచ్చేది అందుకే. ఏడాదికి ఒక తరం కలిసొస్తుంది మరి.

ఇంత చేసీ మక్కలు ఎటు పోయాయి? ఎక్కువ భాగం కోళ్ల దాణాకు. మక్క రవ్వతో గడ్క వండుకు తినే మా అమ్మకు ఇది మింగుడుపడలేదు. ఏ కొత్త రకం పేరు చెప్పినా ఒకటే ప్రశ్న: “పంట సంగతి సరే బిడ్డా, గడ్క ఎట్లయితది?” మా పరిశీలన పుస్తకంలో ఎత్తు, పూతకు పట్టిన రోజులు, కండె పొడవు, ఎండు తెగులు, అన్నిటికీ గళ్లుండేవి. గడ్కకు లేదు.

అంబర్‌పేట తీపి మొక్కజొన్న ‘మాధురి’ వచ్చాక నాలుగు పచ్చి కండెలు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ ఉడికించి తిన్నది. ఒకటి ఎండబెట్టి చూసింది. గింజలు ముడతలు పడి తేలిపోయాయి.

“తియ్యగనే ఉంది,” అంది. “గడ్కకు పనికిరాదు.”