మోటుపల్లి రేవు, కొల్లూరు గని, ఒక నీలిరాయి

చీరాలకు నైరుతిగా, చినగంజాం ఉప్పు మళ్లకు చేరువలో, సముద్రం ఒడ్డున ఉన్న మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న గ్రామమే గాని, కాకతీయుల కాలంలో అది తెలుగు దేశపు ముఖ్యమైన రేవుల్లో ఒకటి. అక్కడి వీరభద్రాలయంలో ఉన్న గణపతిదేవుని అభయశాసనం 1244-45 నాటిది. తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతాన లాక్కునేవారనీ, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమనీ ఆ శాసనం సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. ఆ మాట మీద నమ్మకంతో వచ్చిపోయిన ఓడల వల్లనే ఈ తీరం పేరు దూరదేశాలకు పాకింది.

ఆ శతాబ్ది చివర చైనా నుంచి స్వదేశానికి మరలిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథంలో ‘ముత్‌ఫిలి’ అని రాసిన రాజ్యం మోటుపల్లి పేరు మీదిదేనని చరిత్రకారులు గుర్తించారు. భర్త పోయిన తరువాత రాజ్యాన్ని సమర్థంగా ఏలిన రాణి అని అతడు పొగిడింది రుద్రమదేవినే అయినా, ఆమె గణపతిదేవుని కూతురన్న సంగతి అతనికి తెలియక ఆమెను ఆ రాజుకే భార్యను చేశాడు. ఆ రాజ్యంలో అతని కంటికి ఆనినవి రెండు సరుకులు. ఒకటి సాలెగూడు పోగుల్లా కనిపించే అతి సన్నని బట్ట. చీరాల, పేరాల మగ్గాల సంగతి ఎరిగిన పాఠకునికి దీనిలో ఆశ్చర్యం ఉండదు. రెండవది వజ్రం.

వజ్రాలు దొరికే తీరును మార్కో పోలో మూడు విధాలుగా చెప్పాడు. వానాకాలంలో కొండల మీద నుంచి వరద ఉరికి వచ్చి, వానలు వెలిశాక నీరు తీసినప్పుడు, జనం వాగుల అడుగున వెదికి రాళ్లు ఏరుకుంటారన్నది మొదటిది. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను తెల్లని గద్దలు పైకి తెస్తాయన్నది రెండవది. ఆ గద్దల గూళ్లలోనూ రెట్టలోనూ వెదికితే మరికొన్ని దొరుకుతాయన్నది మూడవది. గద్దల కథ తెలుగు నేల మీద పుట్టింది కాదు. 4వ శతాబ్దిలోనే సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ ఇదే కథను వేరే దేశానికీ వేరే రత్నానికీ అంటగట్టి చెప్పాడు. రేవులో ఎవరో చెప్పిన ఆ పాత కథనూ, వానల తరువాత రాళ్ల ఏరివేతనూ మార్కో పోలో ఒకే గంపలో వేశాడు గాని, మొదటి విధానం మాత్రం అక్షరాలా నిజం, నేటికీ నిజం.

అంతకు ఏడు వందల ఏళ్ల ముందే వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రం పుట్టే చోట్లను మూడుగా విభజించాడు: స్రోతం, ఖని, ప్రకీర్ణకం. స్రోతం అంటే ఏటి ప్రవాహం, ఖని అంటే తవ్విన గని, ప్రకీర్ణకం అంటే నేల మీద అక్కడక్కడ చెదిరి ఉన్నది. ఈ విభజన ఎంత గట్టిదో తరువాతి చరిత్ర చూపుతుంది. ఆయనే చెప్పిన పరీక్షల్లో కొన్ని అంత గట్టివి కావు. ఏ పదార్థానికీ లొంగకపోవడం, జిడ్డుగా మెరవడం వజ్రానికి నిజంగా ఉన్న గుణాలే అయినా, మంచి వజ్రం నీటి మీద తేలుతుందన్న మాట నిలవదు. వజ్రం నీటికంటే మూడున్నర రెట్లు బరువు. తెలుపు, నలుపు, అరటి బోదె రంగు, కొండగోగు పువ్వు రంగు, పులి కంటి రంగు, అశోక పువ్వు రంగు అంటూ ఆయన చెప్పిన వరసలో స్పష్టమైన నీలం కనిపించదు. రత్నశాస్త్రంలో నీలిరంగుకు ఇంద్రనీలం ఉంది. వాడుక తెలుగులోనూ ‘నీలం’ అంటే ఆ రత్నమే. నీలిరంగు వజ్రం ఈ లెక్కలో ఏ గడిలోనూ ఇమడలేదు.

ఖని అన్న మాటకు తెలుగు నేల మీద మచ్చుతునక కృష్ణ ఒడ్డున, పాత గుంటూరు జిల్లాలోని కొల్లూరు. 17వ శతాబ్దిలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్, ఈ చోటును దేశభాషలో ‘గని’ అనీ, పారశీకంలో ‘కులూర్’ అనీ పిలుస్తారని రాసుకున్నాడు. గని అంటే కేవలం గని అనీ, కొల్లూరు అన్నదే అచ్చమైన ఊరిపేరనీ అతనికి చెప్పినవారు లేకపోయారు. గోల్కొండకు ఏడు రోజుల ప్రయాణ దూరంలో ఉన్న ఆ గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని అతడు చెప్పిన అంకె ఎంతవరకు నమ్మదగినదో గాని, పని జరిగిన తీరును మాత్రం అతడు దగ్గరుండి చూసినట్టే వర్ణించాడు. తవ్వదలచిన చోటు పక్కన రెండడుగుల ఎత్తు గోడ కట్టి ఒక మడి సిద్ధం చేసేవారు. గోడ అడుగున నీరు పోయే తూములు పెట్టి వాటిని మూసి ఉంచేవారు. పూజ చేసి, విందు చేసుకుని, ఆపైన మగవారు పది పద్నాలుగు అడుగుల లోతున తవ్వితే, ఆడవారూ పిల్లలూ ఆ మన్నును మడిలోకి మోసేవారు. గోతిలో ఊరిన నీటినే తోడి పోసి, మన్ను ఒకటి రెండు రోజులు నాని జావలా అయ్యాక తూములు తెరిచేవారు. బురద పోయి మిగిలిన ఇసుకను ఎండబెట్టి, ధాన్యం లాగే చేటలతో తూర్పారపట్టి, గడ్డలను దిమ్మిసలతో కొట్టి, మళ్లీ చెరిగి, చివరకు అందరూ ఒక వరుసగా కూర్చుని చేతులతో వెదికేవారు. కళ్లంలో వాడే చేటా చెరుగుడూ తప్ప ఈ పనికి వేరే విద్య అవసరం కాలేదన్నది గమనించదగ్గ విషయం.

విద్య అంతా ఏరిన రాయిని గుర్తించడంలో ఉండేది. ఐరోపాలో ముడి వజ్రాన్ని పగటి వెలుగులో చూస్తే, ఇక్కడివారు రాత్రిపూట గోడలో అడుగు చదరపు గూడు చేసి, లావు వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టుకుని దాని నీరు చూసేవారని టావెర్నియర్ రాశాడు. రత్నవర్తకుల మాటలో నీరు అంటే రాయి లోపలి తేట, రంగు. వాటిలో ఆకాశపు ఛాయ ఉన్న నీరు అన్నిటికంటే అధమమనీ, ముడిరాయిలో అది పట్టుబడదనీ, సానపెట్టిన రాయిలో ఏ కొంచెం అనుమానం వచ్చినా దాన్ని గుబురుగా ఆకులున్న చెట్టు కిందికి తీసుకుపోయి ఆ పచ్చని నీడలో చూస్తే నీలిఛాయ తప్పక బయటపడుతుందనీ అతడు తెలిపాడు. తెల్లని రాతిలో లేశమాత్రపు నీలం దోషం. రాయి మొత్తం నిండుగా నీలమైతే మాత్రం అది రాజుకు చేరవలసిన వస్తువు. ఒకే రంగు కొలత మారేసరికి లోపం నుంచి ఐశ్వర్యంగా మారింది.

అటువంటి నిండు నీలిరాయి ఒకటి టావెర్నియర్ చేతికి వచ్చింది. 112 క్యారెట్ల పైచిలుకు తూగిన దానిని 1668లో అతడు ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. నాటి బొమ్మ కింద దాని రంగును ‘అందమైన ఊదా’ అని రాశారు. అది కొల్లూరు రాయేనని లోకమంతా అంటుంది. నిజానికి అది ఎక్కడ దొరికిందో టావెర్నియర్ స్పష్టంగా చెప్పలేదు. పెద్ద రాళ్లకు కొల్లూరు ప్రసిద్ధి కాబట్టి ఊహ అటు మళ్లింది. ఊహ సమంజసమైనదే, అయినా ఊహే. 1673లో దానిని సుమారు 67 క్యారెట్లకు సానపట్టారు. 1792లో ఫ్రెంచి విప్లవపు గందరగోళంలో దొంగలెత్తుకుపోయారు. సరిగ్గా ఇరవై ఏళ్లు దాటిన తరువాత, 1812లో, లండన్ వర్తకుని దగ్గర మరో ఆకారంలో ఒక నీలివజ్రం తేలింది. దానికే హోప్ వజ్రమని పేరు. 1958లో అది మామూలు రిజిస్టర్డ్ పోస్టులో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. నేటి బరువు 45.52 క్యారెట్లు. 2007లో పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియం సొరుగుల్లో ఫ్రెంచి రాతి సీసపు అచ్చు బయటపడి, ఈ రెండూ ఒకే రాయి అన్న మాటను గట్టిపరిచింది.

ఆ రంగుకు కారణం 20వ శతాబ్దిలో తేలింది. బోరాన్ అనే మూలకం అత్యల్ప పాళ్లలో కర్బన పరమాణువుల మధ్య చేరితే వజ్రం ఎరుపు కాంతిని పీల్చుకుని నీలంగా కనిపిస్తుంది. మామూలు వజ్రానికి లేని విద్యుత్ ప్రవాహ గుణమూ దానికి వస్తుంది. అతినీలలోహిత కాంతి వేసి ఆర్పితే హోప్ వజ్రం కొన్ని క్షణాలు నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతుంది. ఇలాంటి రాళ్లు భూమి లోపల 660 కిలోమీటర్లకు దిగువన పుడతాయనీ, వాటిలోని బోరాన్ ఒకప్పుడు సముద్రపు అడుగున ఉన్న శిలలతో పాటు లోపలికి దిగినదనీ 2018లో వెలువడిన పరిశోధన సూచించింది. మట్టి రంగే రాతికి వస్తుందని టావెర్నియర్ కాలపు నమ్మకం. రంగు నిజంగా దిగివచ్చిన దారి అంతకంటే చాలా పొడవైనది.

నేడు సరదాకు రాళ్లు సేకరించేవారికి తెలుగు నేలలో నీలివజ్రం ఎదురుపడే అవకాశం లేనట్టే గాని, నీలి ఖనిజాలు లేకపోలేదు. నెల్లూరు ప్రాంతపు పలకల్లాంటి శిస్టు రాళ్లలో కయనైట్ ఉంది. చదునైన నీలి పలకలుగా పెరిగే ఈ ఖనిజాన్ని పొడవు వెంట చాకుతో గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. ఇంత తేలికగా తన పేరు తానే చెప్పుకునే రాయి మరొకటి లేదు. విశాఖ మన్యంలో పాడేరు వైపు శిలల్లో శాఫిరిన్ ఉంది. నీలమణి రంగు వల్లనే దానికి ఆ పేరు వచ్చినా దాని నిర్మాణం వేరు. అసలు నీలమణి ఆరు పలకల పీపా ఆకారంలో దొరుకుతుంది, వజ్రం కంటే బరువుగా తూగుతుంది, తిప్పి చూస్తే రెండు ఛాయలు చూపుతుంది. వజ్రం రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. ఎటు తిప్పినా ఛాయ మారదు.

ఇక ప్రకీర్ణకం. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పరిసరాల్లోనూ అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా తొలకరి పడగానే చుట్టుపట్ల ఊళ్లవారు తిండీ నీళ్లూ కట్టుకుని వచ్చి, దున్నిన చేలలో తలవంచుకుని రోజులకు రోజులు నడుస్తారు. వారి చేతిలో పార ఉండదు. వాన కడిగిన నేల మీద మెరిసేదాని కోసం చూసే కళ్లు తప్ప వేరే పనిముట్టు ఉండదు. మార్కో పోలో గనక మళ్లీ వస్తే గద్దలు లేవని నిరాశపడతాడేమో గాని, మిగతా దృశ్యాన్ని గుర్తుపడతాడు.

కొల్లూరు మాత్రం చూడడానికి మిగలలేదు. పులిచింతల ప్రాజెక్టు జలాశయంలో ఆ గని ప్రాంతం మునిగిపోయింది. కృష్ణా డెల్టా ఆయకట్టును నిలబెట్టడానికి అక్కడ ఆపిన నీరే ప్రకాశం బ్యారేజీకి దిగి, పశ్చిమ కాలువలో పడి, దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువగా చీలి, చీరాల పక్కగా సాగి మోటుపల్లికి చేరువలోని పెదగంజాం చేరుతుంది.