అలసిన కావలివారు

రాచపుండును శరీరమే జయింపగలదను ఆశ పాతది. 1891లో న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ రోగి గడ్డలోనికి బ్రతికియున్న సూక్ష్మజీవులను ఎక్కించి, ఆ జ్వరమున గడ్డ కరగునేమో యని పరీక్షించెను. కొందరికి కరగినది, పెక్కుమందికి కరగలేదు. కారణము చెప్పగల శాస్త్రము నాటికి పుట్టలేదు.

శరీరము తనలో పుట్టు దుష్టకణములను ఎప్పటికప్పుడు కనిపెట్టి చంపుచుండునని 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ ప్రతిపాదించెను. రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథి మన రక్షణకు మూలమని 1961లో మిల్లర్ చూపెను. ఆ గ్రంథిలో పక్వమగు తెల్లకణములే టి కణములు. తరువాత అవి గడ్డల లోపలనే కనబడినవి. కావలి యుండగనే యిల్లు దోపిడియగుట యెట్లు?

సమాధానము ఎలుకల వైరసు జబ్బునుండి వచ్చినది. వైరసు విడువక తిష్ఠవేసినచో, దానితో పోరు టి కణములు క్షీణించి మాయమగుట 1993లో జూరిచ్‌లో జింకర్నాగెల్ బృందము గమనించెను. 1998లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున రఫీ అహ్మద్ బృందము మరియొక వింత చూపెను. కణములన్నియు చావలేదు, బ్రతికియున్నవి, శత్రువును గుర్తించుచున్నవి, కాని చంపలేకున్నవి. ఈ అహ్మద్ మన హైదరాబాదున పుట్టి, ఉస్మానియాలో చదివినవాడు.

అలసట యను పేరు వాడుకయైనది గాని, మాకది సరిపోయినట్లు తోచదు. ఇది విశ్రాంతితో తీరు బడలిక కాదు. శత్రువు తొలగక ఎడతెగని పిలుపు వచ్చుచున్నప్పుడు కణము తన్ను తాను అణచుకొను ఏర్పాటిది. లేనిచో దాని యుగ్రతకు శరీరమే బలియగును. 1992లో క్యోటోలో హోంజో ప్రయోగశాల కనుగొన్న పి.డి.-1 అను మాంసకృత్తు ఈ కణములకు కళ్ళెము వంటిది. ఆ కళ్ళెమును అడ్డగించినచో అలసిన కణములు మరల పోరునని 2006లో అహ్మద్ బృందము ఎలుకలలో నిరూపించెను. రాచపుండు కణములును ఆ కళ్ళెమునే పట్టి లాగుచుండును.

2014లో అమెరికా ఇట్టి మందులను అనుమతించెను. మరుసటియేడు, 90 ఏండ్ల మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరుకు మెలనోమా యను రాచపుండు మెదడునకు ప్రాకినది. శస్త్రచికిత్స, కిరణచికిత్సలతోపాటు ఈ మందును ఎమరీలోనే పొంది, ఆయన 2024 డిసెంబరు వరకు, నూరేండ్లు నిండువరకు జీవించెను. 2018లో హోంజోకు, మరియొక కళ్ళెమును అడ్డగించిన ఆలిసన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

అయినను పెక్కు రోగులకు ఈ మందు పనిచేయదు. కొందరిలో విడువబడిన కణములు ప్రేగులను, ఊపిరితిత్తులను సైతము బాధించును. 2016లో వెలువడిన పరిశోధనలు దీనికొక కారణము చూపినవి. మందునకు స్పందించి వృద్ధియగునవి పూర్తిగా అలసిన కణములు కావు. ఇంకను కొంత లేతదనము మిగిలినవి. కడకంట అలసినవాని జన్యుద్రవ్యపు ముడుతలలో ఆ యలసట ముద్రవలె నిలిచి, కళ్ళెము వదలినను చెరగకున్నది.