పేరు మారితే మనిషి మారినట్టేనా?

డిసెంబరు వస్తే మా ఇంటి మీద నక్షత్రం వెలుగుతుంది. పాతబస్తీలో మా గల్లీ మొత్తానికి అదొక్కటే. "సితారా నై లగాయే క్యా బేటా?" అని పక్కింటి చాచా నవంబరు నుంచే అడుగుతుంటాడు. ఆయనకి తెలిసిన ఈ సంగతి, మూడేళ్ళుగా ఆఫీసులో నాతో టీ తాగేవాళ్ళకి తెలీదు. సర్టిఫికెట్ల మీద నాకో పేరు, చర్చిలో ఇంకో పేరు. చేరిన కొత్తలో 24న సెలవు కావాల్సొస్తే "ఒంట్లో బాగోలేదు" అని మెయిలు పెట్టాను. ఎవరూ బలవంతపెట్టలేదు, అబద్ధం నాదే.

ఇంతకీ ఈ రెండు పేర్లలో నేనెవర్ని? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మూసీ అవతల కోఠీలో ఉన్న రెసిడెన్సీ గుర్తొస్తుంది. అదే, మనందరికీ విమెన్స్ కాలేజీగా తెలిసిన భవనం.

దాన్ని కట్టించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు. పాతబస్తీ పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని ప్రేమించాడు. పెళ్ళి కోసం ఇస్లాం స్వీకరించాడు. ఇద్దరు పిల్లలు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు నూరున్నీసా సాహిబ్ బేగం. 1805లో వాళ్ళని ఇంగ్లండు పంపించేశారు. అప్పటికి పాపకి మూడేళ్ళు. అదే ఏడు అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806లో లండన్‌లో పిల్లలకి బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. డేటాబేసులో ఒక ఫీల్డు అప్‌డేట్ చేసినంత తేలిగ్గా! పిల్లల్ని ఎవరడుగుతారు?

నూర్ అంటే వెలుగు, అరోరా అంటే ఉషస్సు. కావాలనే పెట్టారో ఏమో గానీ పాత పేరు కొత్త పేరులో కొంచెం మిగిలినట్టుంది.

తల్లి 1813లో పోయింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు. కిట్టీగా పెరిగిన ఆ అమ్మాయి హైదరాబాదు తిరిగి రాలేదు. కానీ దాదాపు 35 ఏళ్ళ తర్వాత పాతబస్తీలోని అమ్మమ్మ షరఫున్నీసాకి ఉత్తరం రాసింది. అమ్మమ్మ ఫారసీలో జవాబిచ్చింది. ఉత్తరాలు నడిచాయి. కిట్టీ ఇంగ్లీషు క్రైస్తవురాలిగానే బతికి 1889లో కన్నుమూసింది. అయినా తను ఎవరి బిడ్డో దాచుకోలేదు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారాల్లో చర్చిల్లో బాప్తిస్మమిచ్చు యోహాను గురించి చదువుతారు. ఆయన అడిగింది ఒక్కటే, మారుమనసు. గ్రీకులో 'మెటనోయా' అన్నా అర్థం దాదాపు అదే, మనసు మారడం. మతం మారడం, పేరు మారడం ఇంకెవరో చేసిపెట్టగలరు. కిర్క్‌పాట్రిక్ పిల్లలకి అలాగే జరిగింది. మనసు మార్చుకోవడం మాత్రం ఎవరికి వాళ్ళే చెయ్యాలి. చిన్నప్పుడు పెట్టిన పేరుకి కిట్టీ బాధ్యురాలు కాదు. పెద్దయ్యాక రాసిన ఉత్తరం మాత్రం ఆమెదే.

నా రెండు పేర్లూ పెద్దలు పెట్టినవే. వాటి గురించి పశ్చాత్తాపపడాల్సిందేమీ లేదు. పశ్చాత్తాపపడాల్సింది ఆ మెయిలు గురించి.

నిన్న మళ్ళీ సెలవుకి రాశాను. "24న రాత్రి మా చర్చిలో క్రిస్మస్ ఆరాధన ఉంది, సెలవు కావాలి." ఒక్క వాక్యం. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టిందేంటని సిగ్గేసింది.