ఆకలి కాలంలో పుట్టిన చదువు

హోటల్ మేనేజ్‌మెంట్ అనగానే మా ఊళ్లలో చాలామందికి గుర్తొచ్చేది అద్దాల మేడ, మెడలో టై, చేతిలో ట్రే. డబ్బున్నవాళ్ల సరదాలకు సేవ చేసే చదువని కొందరంటారు. ఇంత చదివించింది వంటవాడివి కావడానికా అని ఇంట్లోవాళ్లు అంటారు. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్‌కు యాభై ఏళ్లు దాటిన ఈ సందర్భంలో, ఆ రెండు మాటలూ సరికావని చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. మన దేశంలో ఈ చదువు ఫైవ్ స్టార్ హోటళ్ల కోసం పుట్టలేదు. తిండిగింజలకు కటకటగా ఉన్న రోజుల్లో, ఉన్నదాంతోనే ఎక్కువమందికి కడుపునిండా, ఒంటికి పట్టేలా ఎలా పెట్టాలన్న ఆరాటంలోంచి పుట్టింది.

1950లో కె.ఎం. మున్షీ కేంద్రంలో ఆహార, వ్యవసాయ మంత్రి అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగినప్పుడు, హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ ఆయనే. నిజాం కాలం సంగతులు చెప్పే పెద్దల నోట ఆ పేరు విననివాళ్లు తక్కువ. ఆయన మంత్రి అయ్యేనాటికి ఓడల్లో బయటిదేశాల గోధుమలు దిగితే తప్ప రేషన్ దుకాణాలు నడిచేవి కావు. ఆయన భార్య లీలావతి మున్షీ ముందుండి నడిపిన అఖిల భారత మహిళా ఆహార మండలి పట్టణాల్లో ‘అన్నపూర్ణ’ పేరుతో ఫలహారశాలలు తెరిచింది. బియ్యం, గోధుమలు వాడకుండా దుంపలతో, కూరగాయలతో భోజనం పెట్టడం అక్కడి పద్ధతి. వంటను పద్ధతిగా నేర్పే బడి కావాలని గ్రహించిన ఆ మండలే 1954లో బొంబాయిలో కేటరింగ్ కాలేజీ పెట్టింది. దేశంలో ఈ చదువుకు మొదటి మెట్టు అదే. తర్వాత ఢిల్లీ, మద్రాసు, కలకత్తాల్లోనూ కాలేజీలు వచ్చాయి. 1982లో పర్యాటక శాఖ చేతికి వెళ్లేదాకా ఇవన్నీ కేంద్ర ఆహార శాఖ నీడలోనే పెరిగాయి. ఇప్పటికీ ఈ కాలేజీల పూర్తిపేర్లలో పోషకాహారం కూడా ఉండటానికి కారణం ఆ పుట్టుకే.

హైదరాబాద్‌లోని ఈ సంస్థ 1972లో మొదలైంది ఫుడ్ క్రాఫ్ట్ ఇన్‌స్టిట్యూట్‌గానే. డిగ్రీల మాట తర్వాతి సంగతి. వంట, బేకరీ, వడ్డన, రిసెప్షన్, గదుల నిర్వహణ వంటి చేతిపనులు నేర్పి, నేరుగా పనిలో పెట్టడం ఫుడ్ క్రాఫ్ట్ బడుల ఉద్దేశం. 1980లలో దాని స్థాయి పెంచి హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌గా మార్చారు. అది ఉన్న కాలనీకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుంది. ఆడవాళ్లు చదువుతో, చేతిపనితో తమ కాళ్లమీద తాము నిలబడాలని ఆంధ్ర మహిళా సభను స్థాపించిన మనిషి పేరు ఉన్న చోట ఈ బడి ఉండటం నాకెంతో సబబుగా అనిపిస్తుంది.

మా ఊరు లక్డారం నుంచి చూసేవాడికి 1972 అంటే ఇంకొకటీ గుర్తొస్తుంది. ఆ ఏడాదే పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. వానమీదే ఆధారపడిన నేలల్లో జొన్న, సజ్జ, కంది, శనగ వంటి పంటల మీద పరిశోధన చేయడానికి దాదాపు 1,400 హెక్టార్లు తీసుకుని మొదలైంది. గింజను పెంచే పని నగరానికి పడమట, గింజను వృథా చేయకుండా వండిపెట్టే పని నగరం నడుమ, రెండూ ఒకే ఏడాది, ఒకే దిగులుతో మొదలయ్యాయి. మొదటిది మావాళ్లందరికీ తెలుసు. దాని గేటు ముందునుంచే డ్యూటీలకు పోతుంటారు. రెండోది తెలిసినవాళ్లు అరుదు. పటాన్‌చెరులో 218 నంబరు బస్సు ఎక్కి కోఠిలో దిగి ఇంకో బస్సు మారితే విద్యానగర్. యాభై కిలోమీటర్లలోపే. క్వారీల దుమ్ములో, క్రషర్ల మోతలో పెరిగిన మా పిల్లలు పది కాగానే, ఇంటర్ కాగానే ఇస్నాపూర్, పాశమైలారం వైపు కాంట్రాక్టు పనులకు వెళ్తారు. ఆ బస్సు ఎక్కమని చెప్పేవాళ్లే ఉండరు.

నేను పని నేర్చుకున్నది ఈ పారిశ్రామిక వాడ క్యాంటీన్లలోనే. 250 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ లెక్కన మా వాడలో వంటిళ్లకు కొదవ లేదు. నాకు పని నేర్పిన సీనియర్ విద్యానగర్‌లో చదివొచ్చిన మనిషి. వంటింట్లోకి వెళ్లగానే గరిటె ఇస్తారనుకున్నాను. కాగితం ఇచ్చారు.

“ముందు సరుకుల ఇండెంట్ రాయి. ఎ షిఫ్టుకు ఎంతమంది?”

“నాలుగు వందలు సార్.”

“బియ్యం?”

తలకు 150 గ్రాముల చొప్పున లెక్కేసి అరవై కిలోలన్నాను. లెక్క సరే, మనుషులేరీ అన్నారు. కొలిమి దగ్గర నిలబడేవాడు, ప్యాకింగ్‌లో కూర్చునేవాడు ఒకేలా తింటారా? రాత్రి షిఫ్టులో అన్నం తగ్గుతుంది, చాయ్ పెరుగుతుంది. శనివారం, శ్రావణమాసం కోడికూర మిగులుతుంది. రంజాన్ నెలలో మధ్యాహ్నం తలలు తగ్గుతాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువున్న షెడ్డులో పలచటి చారు ఎవరూ పోయించుకోరు. ఇవన్నీ కలిస్తేనే ఇండెంట్. కిలో బియ్యానికి రెండున్నర, మూడు కిలోల అన్నం అవుతుందని, పప్పు గరిటె ఏ సైజుదైతే ఎన్ని పోర్షన్లు వస్తాయని ఆయన కాగితం మీద చూపించి, తర్వాత గుండిగ దగ్గర చూపించేవారు. వండిన పదార్థం 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య ఎక్కువసేపు ఉండకూడదని థర్మామీటరు గుచ్చి మరీ చెప్పేవారు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది ఎంగిలి డ్రమ్ము. భోజనాలు కాగానే దాన్ని తూకం వేయించి, ఏ కూర ఎంత పారేశారో రాయించేవారు. ఆ పుస్తకం చూసే మరుసటి వారం మెనూ మార్చేవారు. 1950లలో అన్నపూర్ణ ఫలహారశాలలు నడిపిన ఆడవాళ్ల ఆలోచన పటాన్‌చెరు క్యాంటీన్ దాకా ఎలా వచ్చిందో చరిత్ర చదివాక గానీ నాకు తెలియలేదు.

ఈ చదువులో నాలుగు ప్రధాన విభాగాలున్నాయి: ఫుడ్ ప్రొడక్షన్, ఫుడ్ అండ్ బేవరేజ్ సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్. బయటివాళ్లకు చులకనగా కనిపించేవి వడ్డన, గది సర్దడం. చూస్తే తెలుస్తుంది అందులో ఎంత పనితనం ఉందో. పరుపు మీద దుప్పటి పరిచి, కాళ్లవైపు మూలను 45 డిగ్రీల కోణంలో మడిచి కిందికి దోపితే, మనిషి రాత్రంతా దొర్లినా అది ఊడదు. ఆస్పత్రి మంచానికీ అదే మడత. బల్లమీద ఫోర్కు ఎడమన, కత్తి కుడిన, కత్తి పదును పళ్లెం వైపు, నీళ్ల గ్లాసు కత్తి మొనకు పైన. పెద్ద పళ్లెంలోంచి వడ్డించేది ఎడమవైపు నుంచి, నీళ్లు పోసేది కుడివైపు నుంచి. ఇవి తెల్లవాళ్ల పద్ధతులు, మన పిల్లలకు రావని అనేవాళ్లకు నేనొకటే చెబుతాను. మన పెళ్లి బంతిని గుర్తుచేసుకోండి. విస్తరిలో ఉప్పు ఎక్కడ, పచ్చడి ఎక్కడ, తీపి ముందా పులుపు ముందా, నెయ్యి ఎప్పుడు, మజ్జిగకు ముందు మారు అడగాలా వద్దా, ఇవన్నీ ఏ కాలేజీకీ పోకుండానే మన ఆడవాళ్లకు తెలుసు. వరుస తప్పితే బంతిలో పెద్దలు ఊరుకోరు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇది కొత్త విద్య ఎలా అవుతుంది?

యాభై ఏళ్లలో నగరం చాలా మారింది. 2006లో హైటెక్స్ పక్కన కట్టిన కన్వెన్షన్ సెంటర్‌లో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం జరిగింది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. 2010లో ఫలక్‌నుమా ప్యాలెస్ హోటలైంది. ఆ ఊపు రాబోతోందని ముందే చూసి 2004లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో నిథమ్ అనే పర్యాటక, ఆతిథ్య విద్యాసంస్థను ప్రారంభించింది. అక్కడ పర్యాటకం కూడా ప్రత్యేకంగా నేర్చుకునే చదువైంది. 2020లో కరోనా వచ్చి హోటళ్లు తలుపులేసుకున్నప్పుడు ఈ రంగాన్ని నమ్ముకున్న కుటుంబాలు పడ్డ అవస్థ చిన్నది కాదు. అప్పుడు కూడా ఆస్పత్రుల వంటిళ్లు ఆగలేదు, మందుల కంపెనీల క్యాంటీన్లు ఆగలేదు. ఈ చదువు అసలు వేళ్లు ఎక్కడున్నాయో ఆ ఏడాది తేటతెల్లమైంది.

ఇక ప్రవేశం సంగతి. మూడేళ్ల బీఎస్సీ, ఆరు సెమిస్టర్లు, అందులో ఒకటి హోటల్లో శిక్షణ. పట్టా ఇచ్చేది జేఎన్‌యూ. అడ్మిషన్ కోసం జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ జరిపే ఆ పరీక్ష ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటుంది. డాక్టరు కావాలనుకునే పిల్ల నీట్‌ను తెలుగులో రాయొచ్చు. ఇంజనీరు కావాలనుకునే పిల్లాడు 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాయొచ్చు. రెండూ జరిపేది అదే ఏజెన్సీ. చెఫ్ కావాలనుకునేవాడికి మాత్రం ఆ అవకాశం లేదు. నాకిది ఎంతకూ మింగుడుపడదు. ఇంగ్లిష్ ఈ వృత్తికి అవసరమే, కాదనను. కానీ అది కాలేజీలో నేర్పాల్సింది. గుమ్మంలోనే అడిగితే సర్కారు బడిలో తెలుగు మీడియం చదివిన పిల్లాడు వెనుదిరిగి క్రషర్ దగ్గరికి పోతాడు.

తలుపు కొంచెం తెరిచిన పథకం ఒకటుంది. 2009లో కేంద్ర పర్యాటక శాఖ తెచ్చిన ‘హునర్ సే రోజ్‌గార్ తక్’. ఎనిమిదో తరగతి పాసై, 18 నుంచి 28 ఏళ్ల లోపు ఉన్నవాళ్లకు వంట, వడ్డన వంటి పనుల్లో కొద్ది వారాల శిక్షణ, ఫీజు లేకుండా. 1972 నాటి ఫుడ్ క్రాఫ్ట్ ఆలోచనకు ఇది తిరిగి ప్రాణం పోసిందని నా నమ్మకం. డిగ్రీ కోర్సుల గురించి పేపర్లలో వచ్చినంతగా దీని గురించి రాకపోవడం బాధాకరం.

ఈ చదువుకు తోడైన పర్యాటకానికి మా జిల్లాలో సరుకు లేదనుకోవద్దు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాటి నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు ఉన్నాయి. 1940లలో తవ్వకాలు జరిపిన అక్కడి దిబ్బలో రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం దొరికింది. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఈ నేలకు సముద్రాల అవతలి సొమ్ము వచ్చి చేరింది. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలు ఇప్పుడు మ్యూజియం. 500 రూపాయలిచ్చి ఒక రోజు ఖైదీలా గడిపే ఏర్పాటు 2016లో అక్కడ మొదలైంది. మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి. పాత ఉమ్మడి మెదక్ జిల్లా లెక్కన చూస్తే మెదక్ చర్చి కూడా మనదే. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన ఆ కట్టడాన్ని పోస్నెట్ అనే పాదిరి దొర కరువులో జనానికి పని చూపి, తిండి పెట్టి కట్టించాడని అక్కడివాళ్లు చెబుతారు. కిటికీల రంగు అద్దాల గురించి మాత్రమే చెప్పే గైడు సగమే చెప్పినట్టు. రాళ్లెత్తిన కూలీల గురించి కూడా చెప్పగలిగేవాడు ఈ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాడే అయి ఉంటాడు. వాడికి గైడు శిక్షణ ఎవరిస్తారు?

తిండి విషయంలోనూ అంతే. జహీరాబాద్ పల్లెల్లో దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. హోటల్ కాలేజీల్లో ఫ్రెంచి వంటకు మూలమైన మదర్ సాస్‌లు నేర్పినంత శ్రద్ధగా జొన్నరొట్టె చేత్తో తట్టడం నేర్పే రోజు రావాలి. రొట్టె విరగకుండా ఉండాలంటే పిండిలో పోసే నీళ్లు ఎంత మరగాలో ఆ మహిళలే వచ్చి పాఠం చెప్పాలి.

యాభై ఏళ్లు దాటిన ఈ విద్యానగర్ సంస్థ నుంచి నేను కోరేది పెద్ద భవనాలు కాదు. ప్రవేశ పరీక్ష తెలుగులో పెట్టాలని ఈ సంస్థ ఢిల్లీకి గట్టిగా రాయాలి. శిక్షణ సెమిస్టర్‌ను స్టార్ హోటల్లోనే కాక పెద్ద క్యాంటీన్లో, ఆస్పత్రి వంటింట్లో, యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో చేసినా లెక్కలోకి తీసుకోవాలి. రుద్రారంలో, కందిలో అలాంటి మెస్‌లు కళ్లముందే ఉన్నాయి. మూడోది, స్వల్పకాలిక కోర్సును పటాన్‌చెరుకే తీసుకురావాలి. దీనికి కొత్త వంటిల్లు కట్టక్కర్లేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రాత్రి షిఫ్టు వంట మొదలయ్యేదాకా పొయ్యిలు ఖాళీగానే ఉంటాయి. యాజమాన్యాలు ఆ రెండు మూడు గంటలు ఇస్తే చాలు. గుండిగలు, తూకాలు, థర్మామీటర్లు అక్కడే ఉన్నాయి. నేర్పడానికి ఎవరైనా రావాలంటే విద్యానగర్ నుంచి ఒక మాస్టారిని పంపండి, పక్కన నిలబడి ఇండెంట్ రాయించే పని నేను చూసుకుంటాను.