ఆస్కార్ స్పెక్

ఆస్కార్ స్పెక్ జర్మనీకి చెందిన కయాక్ యాత్రికుడు. 1907లో జన్మించాడు. 1932 మే నెలలో ఉల్మ్ నగరం నుండి చిన్న కయాక్‌లో బయలుదేరి, నదులు, సముద్ర తీరాల వెంట సుమారు 50,000 కిలోమీటర్లు ప్రయాణించి, 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవిని చేరాడు. సముద్ర కయాకింగ్ చరిత్రలోని అతి దీర్ఘ యాత్రలలో ఇది ఒకటి.

నేపథ్యము

స్పెక్ హాంబర్గ్‌లో విద్యుత్ పనుల గుత్తేదారు. ఆర్థిక మాంద్యం వలన జీవనోపాధి కోల్పోయాడు. సైప్రస్ దీవిలోని రాగి గనులలో పని సంపాదించడమే అతని తొలి ఉద్దేశము. ఆస్ట్రేలియా ఆలోచన తరువాత కలిగినది.

పడవ

ఆర్కిటిక్ ప్రాంతపు ఇనూయిట్ ప్రజల వేట పడవయే కయాక్‌కు మూలం. దీనిని రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. స్పెక్ వాడినది మడత కయాక్. చెక్క చట్రానికి రబ్బరు పూసిన గుడ్డ తొడిగిన ఈ పడవను విడదీసి మూట కట్టవచ్చు. దీనికి చిన్న తెరచాప, కాళ్ళతో త్రిప్పే చుక్కాని ఉండేవి. స్పెక్‌కు ఈత రాదు.

ప్రయాణ మార్గము

డాన్యూబ్, వార్దర్ నదుల మీదుగా గ్రీసు చేరి, టర్కీ తీరం వెంట సైప్రస్‌కు, అక్కడి నుండి సిరియాకు వెళ్ళాడు. బస్సులో యూఫ్రటీస్ నదిని చేరి, పర్షియన్ సింధుశాఖలో ప్రవేశించాడు. పిమ్మట ఇరాన్, బెలూచిస్తాన్ తీరాల మీదుగా కరాచీ వచ్చి, భారతదేశపు పడమటి తీరం వెంట సాగి, 1935లో కొలంబో చేరాడు. తదుపరి మద్రాసు మీదుగా తూర్పు తీరాన కలకత్తాకు పయనించాడు. నేటి ఆంధ్ర ప్రదేశ్ తీరం ఈ మార్గంలోనిదే. బర్మా, మలయా, ఇండోనేషియా దీవులు, న్యూగినీ చివరి మజిలీలు.

ప్రమాదాలు

ఇట్టి యాత్రలో నడిసముద్రం కంటె ఒడ్డు చేరడమే కష్టం. లోతు తగ్గిన చోట అల విరిగిపడుతుంది. పడవ అలకు అడ్డం తిరిగినచో బోల్తా పడుతుంది. తెలుగు తీరపు జాలరులు తెప్పలపై ఇట్టి అలలనే దాటి వేటకు వెళ్ళేవారు. స్పెక్ మలేరియాకు కూడా గురయ్యాడు. తిమోర్ సమీపాన లకోర్ దీవిలో కొందరు అతనిని కట్టివేసి కొట్టగా చెవి కర్ణభేరి దెబ్బతిన్నది. రాత్రివేళ తప్పించుకొని బయటపడ్డాడు.

నిర్బంధము

స్పెక్ సైబాయ్ చేరేసరికి రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. శత్రుదేశ పౌరుడైనందున అధికారులు అతనిని నిర్బంధించారు. ఏడేళ్ళు ఏ గమ్యం కోసం తెడ్డు వేశాడో, ఆ దేశంలోనే యుద్ధకాలమంతా నిర్బంధ శిబిరాలలో గడిపాడు. యుద్ధ వార్తల నడుమ ఈ యాత్ర మరుగున పడిపోయింది. 1946లో విడుదలై, ఓపల్ రత్నాల వ్యాపారంతో ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాడు. అతని పత్రాలు, చిత్రాలు సిడ్నీలోని ఆస్ట్రేలియా జాతీయ సముద్రయాన సంగ్రహాలయంలో ఉన్నాయి.