బొగ్గు వెంట నడిచిన ఊళ్లు: ఇల్లందు, కొత్తగూడెం పారిశ్రామిక చరిత్ర

పట్టణాల చరిత్ర వ్రాసేవారికి మన దేశంలో ఒక పాత అలవాటు ఉన్నది. ముందు ఒక రాజును వెతుకుతారు. రాజు దొరక్కపోతే దేవుణ్ణి వెతుకుతారు. ఖమ్మంమెట్టుకు కోట ఉన్నది కనుక దాని చరిత్ర వ్రాయడం సులభం. భద్రాచలానికి రాముడున్నాడు, ఆ రాముడి గుడికి సర్కారు శిస్తు ఖర్చుపెట్టి గోలకొండ చెరసాలకు పోయిన పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న ఉన్నాడు. ఈ రెండు ఊళ్లకూ మధ్య అడవిలో ఉన్న ఇల్లందుకు, కొత్తగూడేనికి చెప్పుకోదగిన కోటా లేదు, క్షేత్రమాహాత్మ్యమూ లేదు. ఉన్నదల్లా భూమి అడుగున నల్లని పొర. ఆ పొర ఎటు సాగితే ఊరు అటు సాగింది.

కొత్తగూడెం రైలు స్టేషను పేరును చూడండి: భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, గోదావరి కవతలి ఒడ్డున ఉన్నది. రైలు వచ్చింది బొగ్గు కోసం, పేరు పెట్టింది యాత్రికుల కోసం. బొగ్గు దొరికిన వైనం గురించి ప్రచారంలో ఉన్న కథ కూడా ఇటువంటిదే. భద్రాచలం పోతున్న యాత్రికులెవరో దారిలో పొయ్యి వెలిగిస్తే, పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు తామే అంటుకున్నాయట. కథ యాత్రికుడికి కీర్తినిచ్చింది. గ్రంథస్థమైన చరిత్ర 1871లో ఇల్లందు ప్రాంతాన బొగ్గును గుర్తించిన భారత భూగర్భ సర్వే శాఖవారి డాక్టర్ విలియం కింగ్‌కు ఇచ్చింది. తరతరాలుగా ఆ వాగుల వెంట తిరిగి, ఆ రాళ్లమీద నడిచిన కోయవాడికి కథలోనూ చోటు లేదు, చరిత్రలోనూ లేదు. ఈ మరపు ఇక్కడితో ఆగలేదు. నూటయాభై ఏళ్లుగా సాగుతూనే ఉన్నది.

బొగ్గు బయటపడగానే తవ్వకం మొదలు కాలేదు. దానికి పెట్టుబడి కావాలి, రైలు కావాలి. ఈ రెండూ వచ్చిన తీరు, సామ్రాజ్యవాద పెట్టుబడి ఒక ఫ్యూడల్ సంస్థానంలోకి ఎలా ప్రవేశిస్తుందో తెలుసుకోగోరే విద్యార్థికి మంచి పాఠం. 1886లో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలోని ఖనిజాల మీద హక్కులను లండనులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి ధారాదత్తం చేసింది. ఆ కంపెనీ వాటాలలో అత్యధిక భాగం డబ్బు చెల్లించకుండానే రాయితీ సంపాదించిన పెద్దమనుషుల చేతుల్లో పడింది. ఆ వాటాలను మళ్లీ నిజాం ఖజానా సొమ్ముతోనే కొనిపించిన ఉన్నతోద్యోగి అబ్దుల్ హక్, ఆ అమ్మకంలో లాభం పొందినవారిలో ఒకడు. తన రాజ్యంలోని బొగ్గును తానే ఉచితంగా ఇచ్చి, తన వాటాను తానే డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రభువు ప్రపంచ చరిత్రలో అరుదు. గొడవ ముదిరి 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ సెలెక్టు కమిటీ దాకా పోయింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. కంపెనీ మాత్రం నిలిచింది. నిలవడమే కాదు, మరుసటి ఏడు, 1889లో, ఇల్లందు వద్ద బొగ్గు తీయడం మొదలుపెట్టింది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు బొగ్గుకు స్థిరపడింది. 1920లో కంపెనీ కూడా ఆ పేరే పెట్టుకుని సింగరేణి కాలరీస్ అయింది.

రైలు విషయమూ అంతే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరులోనే గుట్టంతా ఉన్నది. లండను వాటాదారుకు నిర్ణీతమైన వడ్డీ దక్కుతుందని హామీ ఇచ్చింది నిజాం, ఆ హామీకి శిస్తు కట్టింది తెలంగాణా రైతు. ఆ రైలు 1889 నాటికి బెజవాడ చేరింది. డోర్నకల్ వద్ద చీలిన శాఖ అడవిలోకి, బొగ్గు దగ్గరికి పోయింది. బొగ్గు కోసం రైలు వేశారా, రైలు కోసం బొగ్గు తవ్వారా అని అడిగితే రెండూ నిజమే. తొలి రోజుల్లో ఇల్లందు బొగ్గుకు పెద్ద గిరాకీ ఇంజన్ల పొయ్యిలదే.

ఆ విధంగా ఇల్లందు పట్టణమయింది. చుట్టుపక్కలవారు దానిని నేటికీ బొగ్గుట్ట అనే అంటారు. కోయగూడేలున్న చోట కూలీల గుడిసెల వరుసలు లేచాయి. ఈ కూలీలెవరు? కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో దొర గడీకి వెట్టి చేయలేక పారిపోయి వచ్చిన మాల మాదిగలు, భూమి లేని వెనుకబడిన కులాలవారు. కంట్రాక్టర్లు ఉత్తరాది నుండి తోలుకు వచ్చినవారు. తెలంగాణాలో వెట్టికీ కూలికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఈ వలసలో కనిపిస్తుంది. బాయిలో పైకప్పు కూలి చస్తామని తెలిసీ మనిషి అక్కడికి వచ్చాడంటే, ఊళ్లో బ్రతుకు అంతకన్న అధ్వాన్నంగా ఉన్నదని అర్థం. బాయిలో కనీసం పేరు మస్టరులో ఎక్కుతుంది. తట్టా చెమ్మసూ పట్టినందుకు చేతికి రూపాయలు వస్తాయి. కంట్రాక్టరు దానిలో ఎంత కోసుకున్నా సరే, రూపాయి రూపాయే. వెట్టివాడు కార్మికుడైన ఈ మార్పును తక్కువచేసి చూడడం పొరపాటు. అలాగని కంపెనీ ఆ మార్పును దయతో తెచ్చిందని వ్రాసేవారి మాట నమ్మడం ఇంకా పెద్ద పొరపాటు.

అడవి కూడా బాయిలోకి దిగింది. పైకప్పును నిలబెట్టే కొయ్యలు, టబ్బుల దారి కింద దుంగలు, గుడిసె వాసాలు అన్నీ చుట్టూ ఉన్న అడవి నుండే వచ్చాయి. ఒక టన్ను బొగ్గు వెనక ఎంత కలప ఉన్నదో కంపెనీ లెక్కలు పైకి చెప్పవు. కలప నరికి మోసేది కోయవాడే. అదే అడవిలో తన పోడుకు నాలుగు చెట్లు కొట్టుకుంటే మాత్రం అతడు జంగ్లాత్ శాఖ దృష్టిలో నేరస్థుడు.

1927లో ఉత్తరాన తాండూరు-బెల్లంపల్లి ప్రాంతంలో కంపెనీ తవ్వకం ప్రారంభించింది. కారేపల్లి నుండి కొత్తగూడెం దాకా రైలు కూడా అప్పటిదే. 1937లో కొత్తగూడెంలో గనులు తెరిచారు. ఇల్లందు తొలి బాయిల్లో అప్పటికే అర్ధశతాబ్దపు తవ్వకం జరిగిపోయింది. కంపెనీ కేంద్రం కొత్తగూడేనికి మారింది. పేరులోనే గూడెమున్న ఆ అడవి పల్లె ఒక్క తరంలో గనుల రాజధాని అయింది. ఇల్లందులో తరువాత కూడా గనులు తెరిచారు గాని, కన్నతల్లి స్థానం పోయి ఒక ఏరియాగా మిగిలింది. వ్యవసాయ పట్టణం క్షామం వచ్చినా తిరిగి కోలుకుంటుంది. గనిపట్టణం పుట్టిననాడే దాని కాలం తరగడం మొదలవుతుంది.

1945లో నిజాం ప్రభుత్వం కంపెనీ వాటాలను కొని యాజమాన్యం చేతికి తీసుకున్నది. మిగతా దేశంలో బొగ్గు జాతీయం కావడానికి 1971-73 దాకా ఆగవలసి వచ్చింది. అంటే ప్రభుత్వరంగ బొగ్గు అనే భావన మన దేశంలో సోషలిస్టు చట్టం నుండి గాక ఒక నవాబు ఖజానా నుండి పుట్టింది! ఈ వింతను మనవాళ్లు తగినంత గమనించలేదు. ప్రభుత్వం కొన్నంత మాత్రాన సొత్తు ప్రజలది కాదని కార్మికులకు వెంటనే తెలిసివచ్చింది. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మఖ్దూం మొహియుద్దీన్ నాయకత్వాన ఏర్పడింది. గనుల్లోనూ ఎర్రజెండా లేచింది. సాయుధ పోరాట కాలంలో ప్రాణాలర్పించిన శేషగిరి పేరు నేటికీ కొత్తగూడెంలోని యూనియను కార్యాలయానికి ఉన్నది. క్వార్టర్లు, ఆసుపత్రి, సెలవులు, ప్రావిడెంటు ఫండు, ఆ తరువాతి వేతన ఒప్పందాలు, ఇవి ఏ యజమానీ ఇచ్చిన కానుకలు కావు. 1956లో కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. 1960 నుండి కేంద్రానికీ వాటా వచ్చింది. నేడు తెలంగాణా ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 పాళ్లు.

బొగ్గు ఉన్నచోటికి ఇతర పరిశ్రమలు వచ్చి చేరడం ప్రకృతి నియమం వంటిది. కిన్నెరసానికి ఆనకట్ట కట్టి, ఆ నీటితో, ఈ బొగ్గుతో 1966లో పాల్వంచలో థర్మల్ విద్యుత్కేంద్రం నడిపారు. ఆ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న ఆందోళన 1969 జనవరిలో పాల్వంచలో రాజుకుని, ఖమ్మంలో విద్యార్థుల నిరాహారదీక్షగా పెరిగి, తెలంగాణా అంతటా అంటుకున్నది. ఆనాడు దానిని నిరుద్యోగ మధ్యతరగతి ఆవేశమని తేల్చిపారేసిన వామపక్ష మిత్రులు కొలిమి దగ్గరి వేడిని లెక్కించలేదు. అయితే స్థానికుడు అనే మాటకు ఆ ఉద్యమమిచ్చిన అర్థంలో కోయవాడికి ప్రత్యేకమైన స్థానమేమీ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం, 1980లో స్పాంజి ఇనుము, 1979లో గోదావరి ఒడ్డున సారపాక కాగితపు మిల్లు, 1991లో అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం వరుసగా వచ్చాయి. కాగితం మిల్లుకు వెదురు కావాలి, భారజలానికి గోదావరి నీరూ మణుగూరు బొగ్గూ కావాలి. అన్నింటికీ భూమి కావాలి.

ఈ భూమి మాట దగ్గర కొంచెం ఆగుదాం. గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాది, అంతకుముందు మద్రాసు రాజ్యానిది. అక్కడ గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1917 నుండే చట్టమున్నది. దక్షిణపు ఒడ్డు నిజాముది. అక్కడ 1940లలో గాని గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు రాలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణాకు వర్తించింది. 1970 సవరణ షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి మొదట గిరిజనులదేనని భావించాలని చెప్పింది. కాగితం మీద ఇంతకన్న గట్టి రక్షణ ఊహించడం కష్టం. అయినా రెండు ఒడ్డుల మీదా భూమి జారిపోతూనే వచ్చింది. వడ్డీవ్యాపారి, పొగాకు రైతు, పట్టణ వ్యాపారి ఒక దారిన తీసుకున్నారు. రిజర్వు అడవి పేరున, ఆనకట్ట పేరున, గని పేరున ప్రభుత్వం ఇంకొక దారిన తీసుకున్నది. మొదటివారిని దోపిడీదారులన్నాం. రెండవదానిని అభివృద్ధి అన్నాం. 1997 నాటి సమతా తీర్పు ప్రైవేటు కంపెనీలకు షెడ్యూల్డు ప్రాంతంలో గని లీజులు చెల్లవన్నది. ప్రభుత్వ సంస్థలకు ఆ నిషేధం లేదు. అంటే కోయ రైతు ముంగిట ప్రభుత్వరంగం యజమానిగానే నిలబడుతుంది, రక్షకుడిగా కాదు. ప్రభుత్వరంగాన్ని కాపాడుకోవాలనే మనం, ఈ చేదునిజాన్ని దాటవేసి ఆ పోరాటం చేయలేము.

ఉపరితల గనులు రావడంతో ఈ వైరుధ్యం ముదిరింది. పూర్వపు బాయి భూమి కింద పోయేది. పైన పొలమో గూడెమో ఎంతోకొంత మిగిలేది. ఓపెన్‌కాస్టు పైనున్నదంతా పెళ్లగించి మట్టిగుట్టలుగా పోస్తుంది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి పర్మనెంటు కార్మికులు నేడు నలభైవేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం 2023-24లో ఏడు కోట్ల టన్నులకు చేరింది. మట్టి తీసే పనిలో అధికభాగం ప్రైవేటు కంట్రాక్టర్లది. ఒకనాడు ఎర్రజెండా వెళ్లగొట్టిన కంట్రాక్టరు పెద్ద పెద్ద యంత్రాలెక్కి తిరిగి వచ్చాడు. 2022 సెప్టెంబరులో కంట్రాక్టు కార్మికులు జీతాల కోసం 18 రోజులు సమ్మె చేశారు. ఒకే గనిలో, ఒకే ధూళిలో పనిచేసే ఇద్దరిలో ఒకరికి సంస్థ లాభాల్లో వాటా, మరొకరికి కనీస వేతనం కోసం సమ్మె.

2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు 72 గంటలపాటు గనులు ఆపివేశారు. కేంద్రం వేలానికి పెట్టిన నాలుగు బొగ్గు బ్లాకులు ప్రైవేటుకు పోరాదన్నది వారి కోర్కె. ఆ నాలుగింటిలో ఒకటి ఇల్లందు పక్కనే ఉన్న కోయగూడెం-3. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లను మందుగుండుతో కూల్చారు. విభజన చట్టం పరిశీలించమన్న ఉక్కు కర్మాగారం బయ్యారంలో నేటికీ లేదు. వేలానికి పెట్టిన బ్లాకుకు కోయగూడెమని పేరున్నది. ఆ వేలం కాగితం మీద సంతకం చేసేవారిలో కోయవాడు మాత్రం లేడు.